ఒక్క లేబుల్‌ను మాత్రమే మార్చడం

లేబుళ్ళకు సీఎస్ఎస్‌తో రూపం ఇవ్వడం మీరు నేర్చుకున్నారు కదా! ఇప్పుడు ఒక చిక్కు చూద్దాం.

రాయ్‌పూర్‌లో రైల్వే వాగన్ రిపేర్ షాప్ పేరుమీదుగా ఏర్పడినది డబ్ల్యూఆర్ఎస్ కాలనీ. అక్కడి తెలుగువారికోసం మీరు చిరునామా ఫారం తయారుచేస్తున్నారనుకోండి. 'పేరు' చక్కగా కనిపిస్తుంది. 'రాష్ట్రం' అడుగున వత్తులు తెగిపోతాయి. ఎందుకు? లైన్ హైట్‌ను ఇంగ్లీషు అక్షరాలకు తగినట్లు 1గా బిగించి, మిగిలినది దాచేశారు. మన వత్తులు ఇంకా కిందికి దిగుతాయి. కొత్తగా చదవడం నేర్చినవారు ఆ గడి దగ్గరే ఆగిపోతారు.

మామూలు ఫారంలో ఆ లేబుల్‌కు ఒక క్లాసు పెట్టి, లైన్ హైట్ 1.8 చేస్తే సరి. వెబ్ కాంపొనెంట్‌లో లేబుల్ సాధారణంగా షాడో డామ్ లోపల ఉంటుంది. బయటి సెలెక్టర్ దాన్ని అందుకోలేదు. 'ఇంపార్టెంట్' అని చేర్చినా అంతే. చాలామంది ఇక్కడే పొద్దుపుచ్చుతారు. కాంపొనెంట్ రాసినవారు లేబుల్‌కు 'పార్ట్' పేరు ఇచ్చారేమో చూడండి. ఇచ్చి ఉంటే రాష్ట్రం గడికి ఒక ఐడీ పెట్టండి. సెలెక్టర్‌లో ఆ ఐడీ వెంట రెండు కోలన్లు, పార్ట్ అనే మాట, బ్రాకెట్లలో ఆ పేరు రాయండి. ఆ ఒక్కటే మారుతుంది. పేరు ఇవ్వలేదా? కస్టమ్ ప్రాపర్టీలు షాడో డామ్ లోపలికి వెళ్తాయి. లేబుల్‌కోసం అలాంటిది ఏర్పాటుచేశారేమో వెతకండి.

పాఠ్యగత ప్రశ్న: 'ఊరు', 'జిల్లా', 'వృత్తి' లేబుళ్ళలో వత్తు తెగే అవకాశం వేటికి ఉంది?