జంతుశాస్త్రము నేర్పు చూపు

జంతుశాస్త్రమనగా జంతువుల పేర్లను వల్లించుటయే యని పలువురు తలంతురు. కాని విశ్వవిద్యాలయమున ఆ శాస్త్రము నభ్యసించు విద్యార్థి మొట్టమొదట నేర్చుకొనునది జాగ్రత్తగా చూచుట. పైపై పోలికలు మనలను మోసగించును. తిమింగిలము నీటిలో ఈదును గాని చేప కాదు. గబ్బిలము గాలిలో ఎగురును గాని పక్షి కాదు. ఈ రెండును పిల్లలను కని, పాలిచ్చి పెంచు క్షీరదములు.

జంతువులను వాని నిజమైన బంధుత్వమును బట్టి తెగలుగా విభజించుటకు వర్గీకరణమని పేరు. స్వీడను దేశీయుడగు లిన్నేయస్ 1758లో తా నెరిగిన జంతువులన్నిటికిని రెండేసి పదముల శాస్త్రీయ నామములను పెట్టెను. ఆ పద్ధతియే నేటికిని లోకమంతట చెల్లుచున్నది.

తరువాత విద్యార్థి శరీర నిర్మాణమును పరిశీలించును. మనిషి చేయి, గబ్బిలపు రెక్క, తిమింగిలపు ఈతరెక్క చేయు పనులు వేరువేరు. వానిలోని ఎముకల అమరిక మాత్రము ఒకే తీరున నుండును. ఈ జీవులు ఒకే ప్రాచీన వంశమునుండి పుట్టినవనుటకు ఇది బలమైన సాక్ష్యము. 1859లో డార్విన్ తన గ్రంథమున ఇట్టి సామ్యములను వివరించెను. పూర్వము ఈ పరిశీలనకై కళాశాలలలో కప్పలను కోయుచుండెడివారు. నేడు మన దేశమున నమూనాలును, కంప్యూటరు చిత్రములును చాలవరకు ఆ పని చేయుచున్నవి.

అండము పిండమగు విధమును, తల్లిదండ్రుల లక్షణములు సంతతికి సంక్రమించు క్రమమును, జీవులు పరస్పరము ఆధారపడు తీరును గూడ విద్యార్థి నేర్చుకొనును. 1990 తరువాత మన దేశమున రాబందులు లక్షలకొలది నశించినవి. పశువులకిచ్చు డైక్లోఫినాక్ అను నొప్పిమందు, ఆ పశువుల కళేబరములను తినిన రాబందుల మూత్రపిండములను చెరచుచున్నదని 2004లో తేలెను. 2006లో మన ప్రభుత్వము పశువైద్యమున దానిని నిషేధించెను.

జాతిభేదములను తెలిసికొనుటవలన ప్రయోజనమేమని మీరు అడుగవచ్చును. సికింద్రాబాదులో జరిగిన ఈ వృత్తాంతమును వినుడు. రొనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు, మలేరియా వ్యాధికిని దోమలకును గల సంబంధమును 1895 నుండి పరిశోధించుచుండెను. రెండేండ్లపాటు ఎన్నో దోమలను కోసి సూక్ష్మదర్శినిలో చూచినను ఫలితము కలుగలేదు. ఆయన అంతవరకు ఎక్కువగా పరీక్షించినవి మనుష్యుల మలేరియాను మోయని జాతులు. తుదకు మచ్చల రెక్కలుగల వేరొక జాతి దోమలు ఆయనకు లభించెను. 1897 ఆగస్టు 20న అట్టి దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని ఆయన కనుగొనెను. అది అనాఫిలిస్ దోమ. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించెను. ఏ దోమను అరికట్టవలెనో తెలిసిన పిమ్మట, అది గ్రుడ్లుపెట్టు నీటి గుంటలను పూడ్చి వ్యాధిని అదుపుచేయుటకు మార్గమేర్పడెను.

బాలబాలికలారా! ఈ చూపును అలవరచుకొనుటకు మీరు విశ్వవిద్యాలయములో చేరువరకు వేచియుండ నక్కరలేదు. గోడపై వాలిన దోమను పరికింపుడు. అది వెనుకభాగమును పైకెత్తి ఏటవాలుగా నిలిచినచో సాధారణముగా అనాఫిలిస్ అని యెరుగుడు. దేహము గోడకు సమాంతరముగా నున్నచో అది సాధారణముగా వేరొక జాతి. పిదప మీ యింటి చుట్టుపట్ల నీరు ఎచ్చట నిలిచియున్నదో వెదకుడు.