రెండు పనుల రంపం

చిన్న షెడ్డు పెట్టుకునే వడ్రంగికి పనిముట్లు ఇప్పించదలచిన దాతలకు ఈ నాలుగు మాటలు.

చెక్కను పొడవునా చీల్చడానికి టేబుల్ సా, అడ్డంగానో 45 డిగ్రీల మూలకో కోయడానికి మైటర్ సా కావాలి. కాంబినేషన్ రంపంలో ఒకే మోటారు, ఒకే బ్లేడు ఈ రెండు పనులూ చేస్తాయి. కొన్నింటిలో బల్లనే తిరగేస్తారు. కొన్నింటిలో మైటర్ సా నెత్తిన చిన్న బల్ల ఉంటుంది. దానిపైకి బ్లేడు కొద్దిగానే వస్తుంది కనుక మందపాటి దూలాలు చీలవు. బీడింగులకు, సన్న పలకలకు చాలు.

మేము ముఖ్యంగా చెప్పదలచింది వేరే ఉంది. చీలుస్తుండగా కోత మూసుకుపోయి చెక్క బ్లేడును పట్టేస్తే, బ్లేడు ఆ చెక్కను పనివాడి మీదికే విసురుతుంది. దాన్ని అడ్డుకునేది బ్లేడు వెనుక నిలిచే ఉక్కు రేకు, రైవింగ్ నైఫ్. పనికి అడ్డమని చాలామంది ముందుగా ఊడదీసేదీ దాన్నే! అది బ్లేడు ఒంటికంటే కాస్త మందంగా, పళ్లు చేసే కోతకంటే పలుచగా ఉండాలి. ఒక పని నుంచి మరో పనికి మార్చేటప్పుడు ప్లగ్గు తీయాలి. వాడని వైపు బ్లేడుపై మూత తప్పనిసరి.

యంత్రంతోపాటు తోపుడు కర్ర, రక్షణ కళ్లద్దాలు కూడా కొనివ్వండి. చేతి గ్లౌజులు మాత్రం వద్దు. తిరిగే బ్లేడుకు గుడ్డ చిక్కితే చేతినే లాగేస్తుంది.