దర్పణమున్న కెమేరా, దర్పణం లేని కెమేరా: ఒక తులనాత్మక పరిశీలన

ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో గదిని ‘కమ్రా’ అంటారు. లాటిన్ భాషలోని ‘కెమెరా’ అనే పదానికి కూడా గది అనే అర్థం. ఆ పదం పోర్చుగీసువారి ద్వారా మన దేశానికి వచ్చి కమ్రాగా స్థిరపడింది; తర్వాత చిత్రాలు తీసే పెట్టెకు పేరై, కెమేరాగా రెండవసారి వచ్చింది. ఈ రెండింటికీ మూలం ఒక్కటే కావడం అర్థవంతంగానే ఉన్నది. క్రీ.శ. 965 ప్రాంతంలో బస్రా నగరంలో జన్మించిన ఇబ్న్ అల్ హైథమ్, చీకటి గదిలోకి చిన్న రంధ్రం గుండా దీపాల కాంతిని ప్రసరింపజేసి, కాంతి ఋజుమార్గంలో ప్రయాణిస్తుందని నిరూపించాడు. దృశ్యశాస్త్రంపై ఆయన రచించిన ‘కితాబ్ అల్ మనాజిర్’ తర్వాతి కాలంలో ఐరోపా పండితులకు పాఠ్యగ్రంథమయింది.

నేటి కెమేరా కూడా ఒక చీకటి గదియే. రంధ్రమున్న చోట కటకాన్ని, ఎదుటి గోడ ఉన్న చోట కాంతిని విద్యుత్తుగా మార్చే గ్రాహకాన్ని అమర్చారు. అయితే గది మూసివున్నప్పుడు లోపలి గోడపై ఏ బొమ్మ పడబోతున్నదో బయట నిలబడిన మనిషికి తెలిసేదెట్లు? కెమేరా చరిత్రలో అధిక భాగం ఈ ఒక్క ప్రశ్నకు వెదకిన సమాధానాలే. అందులో రెండింటిని, అనగా దర్పణమున్న డి.ఎస్.ఎల్.ఆర్. కెమేరాను, దర్పణం లేని మిర్రర్‌లెస్ కెమేరాను పోల్చి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ పరిశీలనకు మమ్మల్ని పురికొల్పినది మా మిత్రుని అవసరం. అతని తండ్రి బేతంచెర్లలో నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తారు. చదువు సాగిస్తూనే పెళ్ళిళ్ళకు ఫోటోలు తీసి ఇంటికి ఆసరా కావాలని మిత్రుని కోరిక. తల్లి కూడబెట్టిన సొమ్ముతో ఒకే ఒక కెమేరా కొనగలడు. తప్పు కెమేరా కొంటే మళ్ళీ కొనే శక్తి లేదు. “పాతది కొనమంటారా, కొత్తది కొనమంటారా?” అని అతడు అడిగినప్పుడు మాకు సమాధానం తెలియలేదు. అందుచేత రెండింటినీ అరువు తెచ్చుకొని, మేమే పరీక్షించి చూడాలని నిశ్చయించుకున్నాము.

దర్పణం చేసే పని

మొదటి తరం ఛాయాగ్రాహకులు నల్లని గుడ్డ కప్పుకొని, కెమేరా వెనుక ఉన్న గరుకు అద్దంపై తలక్రిందుగా పడిన ప్రతిబింబాన్ని చూచేవారు. ఆ తర్వాత అద్దం స్థానంలో రసాయనం పూసిన గాజుపలకను ఉంచి చిత్రం తీసేవారు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ వద్ద ‘ముసవ్విర్ జంగ్’ బిరుదు పొందిన రాజా దీనదయాళ్ గాజుపలకలపైనే హైదరాబాదు వైభవాన్ని నిలిపాడు. ఆ పద్ధతిలో పలకను అమర్చిన క్షణం నుంచి బొమ్మ కంటికి కనిపించదు. ఎదుటివారు కదలితే చిత్రం చెడినట్లే.

ఈ చిక్కును దర్పణం తీర్చింది. డి.ఎస్.ఎల్.ఆర్.లో కటకానికీ గ్రాహకానికీ మధ్య 45 డిగ్రీల కోణంలో ఒక దర్పణం ఉంటుంది. కటకం గుండా వచ్చిన కాంతి దానిపై పడి పైకి పరావర్తనం చెంది, గరుకు తెరపై ప్రతిబింబాన్ని ఏర్పరుస్తుంది. పైన ఉన్న పంచముఖ పట్టకం ఆ ప్రతిబింబపు కుడియెడమలను సరిచేసి కంటికి చేరుస్తుంది. దర్పణం మధ్యభాగం కొంత కాంతిని తన గుండా పోనిస్తుంది. ఆ కాంతి వెనుకనున్న మరొక చిన్న దర్పణంపై పడి, అడుగుభాగంలోని స్పష్టతను కొలిచే పరికరానికి చేరుతుంది. మీట నొక్కగానే దర్పణం పైకి లేస్తుంది, షట్టరు తెరుచుకుంటుంది, కాంతి గ్రాహకంపై పడుతుంది. ఆ లిప్తపాటు కంటికి చీకటి. మనం వినే ‘టప్’ అనే చప్పుడు ముఖ్యంగా దర్పణానిదే.

ఇందులో ఒక లోపం కలదు. స్పష్టతను కొలిచేది ఒక చోట, చిత్రం పడేది మరొక చోట. ఈ రెండు దూరాలలో వెంట్రుకవాసి తేడా వచ్చినా పెళ్ళికూతురి కంటికి బదులు చెవి కమ్మ స్పష్టంగా వస్తుంది.

దర్పణాన్ని తీసివేస్తే

దర్పణం లేని కెమేరాలో కాంతి నేరుగా గ్రాహకంపై పడుతూనే ఉంటుంది. గ్రాహకం చూచినదానిని ఎప్పటికప్పుడు చిన్న ఎలక్ట్రానిక్ తెరపై ప్రదర్శిస్తారు. మన కన్ను చూచేది ఆ తెరనే. స్పష్టతను కొలిచే సూక్ష్మ బిందువులు కూడా గ్రాహకంలోనే ఉంటాయి కాబట్టి కొలిచే చోటు, చిత్రం పడే చోటు ఒక్కటే అవుతాయి. లోపల దర్పణానికి స్థలం అక్కరలేదు గనుక కటకాన్ని గ్రాహకానికి దగ్గరగా అమర్చవచ్చు. నికాన్ సంస్థ 1959 నుంచి వాడిన ‘ఎఫ్’ అమరికలో ఈ దూరం 46.5 మిల్లీమీటర్లు, 2018లో ప్రవేశపెట్టిన ‘జెడ్’ అమరికలో 16 మిల్లీమీటర్లు మాత్రమే.

మేము సంపాదించిన కెమేరాలు రెండూ నికాన్‌వే. పాతది 2008లో వెలువడిన డి90. డి.ఎస్.ఎల్.ఆర్.లలో మొట్టమొదట చలనచిత్రాన్ని తీసినది ఇదే. ఎలక్ట్రానిక్ తెరలో చూస్తూ కటకాలు మార్చుకొనగలిగిన కెమేరాలలో తొలిదిగా పేరొందిన పానాసోనిక్ జి1 కూడా అదే సంవత్సరం రావడం గమనింపదగినది. మా రెండవ కెమేరా 2019లో వెలువడిన జెడ్50. దీని తర్వాతి రూపం 2024లో వచ్చింది. రెండింటి గ్రాహకాల కొలత దాదాపు సమానమే కాబట్టి పోలిక న్యాయంగా ఉంటుందని భావించాము. డి90 చిత్రంలో 1 కోటి 23 లక్షల బిందువులు ఉంటాయి. జెడ్50లో 2 కోట్ల 9 లక్షలు. డి90 సెకనుకు 4.5 చిత్రాలు తీస్తే జెడ్50 11 తీస్తుంది. బరువు మొదటిదానికి సుమారు 700 గ్రాములు, రెండవదానికి సుమారు 450 గ్రాములు. అంకెలలో కొత్తదే పైచేయి. అంకెలు చెప్పనిది తెలుసుకొనేందుకు బయలుదేరాము.

బండల గనిలో

ఉదయం మేము నాపరాళ్ళ గనికి వెళ్ళాము. రాయలసీమ ఎండలో తెల్లగా మెరిసే సున్నపురాతి బండ కెమేరాను మోసగిస్తుంది. ఎదుట ఉన్నది నడిమి ఛాయగల వస్తువని భావించి కాంతిని కొలిచే యంత్రం, తెల్లని బండను బూడిదరంగుగా చూపుతుంది. డి90లోని గాజు కిటికీలో బండ తెల్లగానే కనిపించింది. చిత్రంలో మాత్రం మబ్బు పట్టినట్లు వచ్చింది. కాంతిని పెంచాలని అప్పుడు గ్రహించి మళ్ళీ తీశాము. జెడ్50 తెరలో బండ ముందే బూడిదరంగుగా కనిపించింది. చక్రాన్ని త్రిప్పి, తెల్లబడగానే మీట నొక్కాము. ఒక్క చిత్రంతో పని తీరింది.

కాని మా ఊరికి ప్రత్యేకమైన ఒక శత్రువు ఉన్నది. అది రాతిపొడి. కటకం మార్చేటప్పుడు పాత కెమేరాలో దర్పణం, మూసివున్న షట్టరు గ్రాహకానికి అడ్డుగా నిలుస్తాయి. కొత్తదానిలో గ్రాహకం నేరుగా గాలికి తెరుచుకుంటుంది. గనిలో రెండుసార్లు కటకం మార్చిన పాపానికి ఆ తర్వాతి చిత్రాలన్నింటిలో ఆకాశంపై నల్లని చుక్కలు వెలిశాయి. బేతంచెర్లలో పనిచేయదలచినవారు కొత్త కెమేరాకు ఇంటిలోనే కటకం బిగించుకొని బయలుదేరడం మంచిది.

బిల్లసుర్గం గుహలో

మధ్యాహ్నం మేము బిల్లసుర్గం గుహలకు చేరాము. 1884-85లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ ఈ గుహలలో త్రవ్వకాలు జరిపి ప్రాచీన జంతువుల ఎముకలను వెలికితీశారు. ఆ గుహలలో వెలుగుకు, చీకటికి హద్దు ఎంత పదునుగా ఉంటుందో చూచినవారికే తెలుస్తుంది.

డి90 కిటికీలో గుహ చీకటిగా, కన్నులకు కనిపించినట్లే కనిపించింది. మొదటి చిత్రం నల్లగా వచ్చింది. షట్టరు వేగం తగ్గిస్తే రెండవదానిలో గుహ ముఖం తెల్లగా కాలిపోయింది. కొంత చర్చించి, వెలుగును కొలిచే చోటును మార్చి తీసిన మూడవ చిత్రం కుదిరింది. జెడ్50తో మొదటి చిత్రమే కుదిరింది. చీకటిలో మన కంటికి అందని రాతి చారలను కూడా దాని తెర వెలిగించి చూపింది.

అప్పుడు మాలో ఒకరు ఒక ప్రశ్న వేశారు: “ఈ చిత్రం ఎందుకు బాగా వచ్చింది?” డి90 మూడవ చిత్రం గురించి అందరమూ చెప్పగలిగాము. షట్టరు వేగమెంత, రంధ్రమెంత, ఏది మార్చినందువల్ల ఏమి జరిగింది అన్నీ మాకు తెలుసు. జెడ్50 చిత్రం గురించి ఒక్కరమూ చెప్పలేకపోయాము. తెరలో బాగున్నది, నొక్కాము, అంతే. ఈ తేడాను అక్కడే గుర్తించాము. పాత కెమేరా కిటికీ దృశ్యాన్ని చూపుతుంది. కొత్త కెమేరా తెర చిత్రాన్ని చూపుతుంది. దృశ్యానికీ చిత్రానికీ మధ్యనున్న దూరాన్ని దాటడమే ఛాయాగ్రహణ విద్య. పాతదానిలో ఆ దూరం మనమే నడవాలి. కొత్తది తానే దాటించి మనల్ని అవతల దింపుతుంది.

నికాహ్ రాత్రి

అసలు పరీక్ష ఆ రాత్రి పరిచయస్తుల ఇంటి నికాహ్‌లో జరిగింది. అక్కడ కొత్త కెమేరా ఆధిక్యం స్పష్టమయింది. డి90లో స్పష్టతా బిందువులు 11, అవి కూడా మధ్యభాగంలోనే ఉన్నాయి. జెడ్50లో 209 బిందువులు చట్రంలో అధిక భాగాన్ని ఆక్రమించి, మనిషి కన్నును తామే గుర్తించి వెంబడించాయి. ఈ రోజులలో పెండ్లివారు చలనచిత్రం కూడా కోరుతారు. డి90 చిన్న కొలతలో, ఒక్కొక్క తునక 5 నిమిషాలకు మించకుండా తీస్తుంది. తీస్తున్నంతసేపు స్పష్టతను చేతితో సరిచేసుకోవాలి. జెడ్50కు ఆ బాధలు లేవు.

పెండ్లికొడుకు “కబూల్ హై” అనే క్షణం వచ్చింది. అందరూ నిశ్శబ్దంగా ఉన్నారు. డి90 దర్పణం ‘టప్’మనగానే ముందు కూర్చున్న పెద్దలొకరు వెనుదిరిగి చూచారు. మేము సిగ్గుపడి దానిని ప్రక్కనపెట్టి, జెడ్50ను నిశ్శబ్ద పద్ధతిలోకి మార్చి మిగిలిన చిత్రాలు తీశాము. ఇంటికి వచ్చి చూస్తే వాటన్నింటిలోనూ నల్లని అడ్డపట్టీలు ఉన్నాయి. విచారిస్తే కారణం తెలిసింది. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనాలది. దానివల్ల ట్యూబులైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. నిశ్శబ్ద పద్ధతిలో గ్రాహకం బొమ్మను ఒకేసారి కాక వరుస వెంట వరుసగా చదువుతుంది. వెలుగు తగ్గిన క్షణాన చదివిన వరుసలు నల్లబడతాయి. మామూలు షట్టరును సెకనులో 100వ వంతు లేదా 50వ వంతు వేగంతో వాడివుంటే ఈ నష్టం జరిగేది కాదు. తప్పు యంత్రానిది కాదు, మాది. ఆ క్షణానికి మా వద్ద మిగిలినది డి90 తీసిన ఒక్క చిత్రమే. అందులో పెండ్లికొడుకు పెదవులు కదులుతున్నాయి. ప్రక్కన వెనుదిరిగిన పెద్దాయన ముఖం కూడా ఉన్నది.

బ్యాటరీ విషయం కూడా చెప్పవలసియున్నది. గాజు కిటికీకి విద్యుత్తు అక్కరలేదు. తయారీదారుల లెక్క ప్రకారం డి90 ఒక బ్యాటరీతో 850 చిత్రాలు తీస్తే, జెడ్50 సుమారు 300 తీస్తుంది. పెండ్లికి వెళ్ళేవారు కొత్తదానికి కనీసం మూడు బ్యాటరీలు వెంట ఉంచుకోవాలి. ఆ ఖర్చును ధరలో కలుపుకొనే లెక్క వేయాలి. అట్లే పాత కటకాలను కొత్త కెమేరాకు అమర్చే సంధాయకం దొరుకుతుంది. కాని కెమేరాలోని మోటారుపై ఆధారపడే పాత కటకాలకు కొత్తదానిపై స్పష్టతను చేతితోనే సరిచేసుకోవాలి.

మా నిర్ణయం

పెళ్ళిళ్ళను పూర్తి వృత్తిగా స్వీకరించి, చలనచిత్రం కూడా తీయవలసినవారికి దర్పణం లేని కెమేరాయే తగినది. 2018లో నికాన్, కెనాన్ సంస్థలు రెండూ పూర్తి చట్రపు మిర్రర్‌లెస్ కెమేరాలను వెలువరించిన నాటి నుంచి కొత్త కటకాలన్నీ దాదాపు ఆ వైపే వస్తున్నాయి. పాతదానిని పట్టుకొని కూర్చోవడం విజ్ఞత కాదు.

కాని మా మిత్రుని స్థితి వేరు. అతడు ఇంకా నేర్చుకోవలసియున్నది. పైగా చేతులు మారిన డి90 ధర కొత్త జెడ్50 ధరలో నాలుగవ వంతుకు కూడా రాలేదు. పాత కెమేరా, దానితోపాటు ఒక మంచి 50 మిల్లీమీటర్ల కటకం కొని, మిగిలిన సొమ్మును తల్లికి తిరిగి ఇవ్వమని చెప్పాము. అతడు అట్లే చేశాడు. ఒక సంవత్సరంపాటు మరొక ఛాయాగ్రాహకుని వెంట సహాయకుడుగా వెళ్ళి, ఆ సంపాదనతోనే కొత్తది కొంటానని అంటున్నాడు. మా సలహా సరియైనదో కాదో ఆ సంవత్సరమే తేల్చాలి.

విద్యార్థి మిత్రులకు మా మనవి ఒక్కటే. చేతిలో ఏ కెమేరా ఉన్నా, చివరకు సెల్‌ఫోనే ఉన్నా, మీట నొక్కక ముందు ఎదుటి వెలుగును ఒక్క క్షణం కన్నులతో చూడండి. ఈ వెలుగు చీకటి గది గోడపై ఎట్లా పడుతుందో మనసులో ఊహించండి. చిత్రం వచ్చిన తర్వాత మీ ఊహతో పోల్చుకోండి. ఆ ఊహ సరియైన నాడు దర్పణమున్నా, లేకున్నా మీరు తీసే చిత్రం మీదే అవుతుంది.