విశ్వవిద్యాలయము ఊరికి వచ్చినపుడు పంచాయతి చేయవలసిన పని

హైదరాబాదు నగరమునకు ఉత్తరమున, కరీంనగరు పోవు రాజమార్గముపై శామీర్‌పేట గలదు. అచటి పెద్ద చెరువును చూడనివారు ఈ ప్రాంతమున తక్కువ. కాని ఈ గ్రామము పేరు దేశదేశముల విశ్వవిద్యాలయములలో సమాజశాస్త్రము చదువువారికి సుమారు 70 ఏండ్లుగా తెలిసియున్నదను సంగతి మన పంచాయతి సభ్యులలో కొందరికి తెలియకపోవచ్చును. ముందుగా ఆ వృత్తాంతమును తెలిసికొని, తరువాత నేడు మన పొరుగుననే యున్న విద్యాసంస్థలతో పంచాయతి ఎట్లు వ్యవహరింపవలెనో విచారింతము.

1951-52 సంవత్సరములలో ఉస్మానియా విశ్వవిద్యాలయము తన సామాజిక సేవా విస్తరణ పథకమునకు శామీర్‌పేటను ఎన్నుకొనినది. ఆ దినములలో వైద్య కళాశాలయే గాక వ్యవసాయ, పశువైద్య కళాశాలలు కూడ ఉస్మానియాకు చెందియుండెను. వ్యవసాయమునకు ప్రత్యేక విశ్వవిద్యాలయము మన రాష్ట్రమున 1964లో గాని ఏర్పడలేదు. అందుచేత మనిషికి మందిచ్చువారు, పశువునకు మందిచ్చువారు, పైరు సంగతి తెలిసినవారు, చదువు చెప్పువారు ఒకే సంస్థ నుండి ఒకే ఊరికి కలసి వచ్చుట సాధ్యమైనది. వారితోపాటు ఊరి జీవనమును పరిశీలించు సమాజశాస్త్రజ్ఞులును వచ్చిరి. ఈ కార్యమునకు నాయకత్వము వహించినవారు శ్యామా చరణ్ దూబే. ఆయన అప్పుడు ఉస్మానియాలో అధ్యాపకులు. ముప్పది యేండ్లింకను నిండలేదు.

ఆనాటి పరిస్థితులు ఎట్టివో పెద్దలకు గుర్తు చేయనక్కరలేదు. 1948 సెప్టెంబరులో నిజాము ప్రభుత్వము ముగిసినది. 1949లో జాగీరులు రద్దయినవి. అట్టి కాలమున కాగితము, కలము పట్టుకొని ఇల్లిల్లు తిరిగి, ఎన్ని ఎకరములు, ఎన్ని గొడ్లు, అప్పెంత అని అడుగువానిని చూచిన రైతు, ఇది పన్ను కొరకా, లెవీ ధాన్యము కొరకా అని శంకించుట సహజమే గదా! మందుసీసాతో వచ్చిన చేయికి, ప్రశ్నల కాగితముతో వచ్చిన చేయికంటె త్వరగా తలుపు తెరువబడును. సేవ, పరిశీలన జోడుగా నడచుటలోని మేలు ఇదియేయని నా అభిప్రాయము.

ఆ పరిశీలన ఫలితముగా దూబే రచించిన 'ఇండియన్ విలేజ్' అను గ్రంథము 1955లో లండనులో అచ్చయినది. ఒక్క భారత గ్రామమును సమగ్రముగా వర్ణించిన తొలి గ్రంథములలో అది యొకటి. ఊరి కులములు, వృత్తులు, కుటుంబ సంబంధములు, పండుగలు, జీవన ప్రమాణములు, మారుచున్న పరిస్థితులు అన్నియు అందు గలవు. కుమ్మరి, సాలె, చాకలి, మాల, మాదిగ మొదలగు కులములవారు ఒకరిపై నొకరు ఎట్లు ఆధారపడియుండిరో, ఎవరెవరికి ఎంత దూరమున నిలువవలసివచ్చెడిదో దానివలన తెలియుచున్నది.

ఇంతయు ప్రశంసనీయమే. కాని ఒక మాట చెప్పక తప్పదు. ఆ గ్రంథము ఆంగ్లమున వ్రాయబడినది. అందలి విషయములను చెప్పిన వారిలో అత్యధికులు తెలుగు సైతము చదువజాలనివారు. తమ ఊరిని గూర్చి లోకము చదివినదానిని వారు తాముగా చదువుకొను అవకాశము లేకపోయెను. ఇది ఒక్క దూబే దోషము కాదు. ఆ కాలపు విద్యా పద్ధతియే అట్టిది. నేడు పంచాయతి కోరినచో ఇది మారగలదు.

ఇపుడు మన పొరుగు సంస్థలను చూతము. 1998లో శాసనసభ చేసిన చట్టము ద్వారా ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయము శామీర్‌పేటలోనే యున్నది. 2008లో బిట్స్ పిలానీ సంస్థ తన హైదరాబాదు ప్రాంగణమును జవహర్‌నగర్‌లో తెరచినది. అచట ఇంజనీరింగు, ఔషధ శాస్త్రము మొదలగునవి బోధింపబడుచున్నవి. జాతీయ సేవా పథకము 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయములలో ప్రారంభమైనది. దానిలో చేరిన విద్యార్థులు ఏడు దినముల శిబిరము ఏదేని గ్రామమున జరుపుదురు. 2014లో ప్రారంభమైన ఉన్నత్ భారత్ అభియాన్ క్రింద ఒక్కొక్క విద్యాసంస్థ కనీసము 5 గ్రామములను ఎన్నుకొని, ఇంటింటి పరిశీలన జరిపి, అభివృద్ధి ప్రణాళికకు తోడ్పడవలెను.

అయినను శిబిరములన్నియు ఒకే తీరుగా నుండవు. వీధి ఊడ్చి, రెండు మొక్కలు నాటి, సర్పంచిగారితో ఫొటో తీయించుకొని వెడలిపోవు శిబిరములను నేను పెక్కు చూచితిని. (ఫొటోలు తీయించుట మా శాఖ పనియే గనుక ఈ మాట అనుటకు నాకు హక్కు గలదనుకొందును.) తప్పు విద్యార్థులది మాత్రమే కాదు. ఏమి కావలెనో ఊరు చెప్పనిచో వారు చీపురు గాక మరేమి పట్టుకొందురు?

న్యాయ విద్యార్థులనే తీసికొనుడు. వారు న్యాయస్థానమున వకాల్తా పుచ్చుకొని వాదింపజాలరు. కాని పట్టాలోని పేరు తప్పు, ఆగిన పింఛను, కూలి బకాయి వంటి విషయములలో అర్జీ వ్రాయుటకు, ఏ కార్యాలయమునకు పోవలెనో తెలుపుటకు తోడ్పడగలరు. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము పొందు హక్కు గలదు. ఈ హక్కును వాడకు వాడ తెలుపుటకు ఏడు దినములు చక్కగా సరిపోవును.

ఇంతకంటె ముఖ్యమైనది నీరు. హైదరాబాదు నగరపు చెత్త ఏండ్ల తరబడి జవహర్‌నగర్‌కు చేరుచున్నది. గుట్టను మట్టితో కప్పినారు. చెత్తనుండి విద్యుత్తు తీయు కర్మాగారమును వెలసినది. అయినను ఇన్నేండ్ల చెత్తనుండి ఊరిన మురుగుద్రవము మల్కారము చెరువును, చుట్టుపట్ల బోరులను చెరచినది. జవహర్‌నగర్ 2019లో పురపాలక నగరముగా మారినది గదా, మనకేమి అనరాదు. భూగర్భజలము పురపాలక హద్దు చూచి ఆగదు.

ప్రయోగశాలలు గల సంస్థకు ఇట్టి విషయమున పంచాయతి వ్రాతమూలకముగా ప్రశ్న వేయవచ్చును: మా బోరునీరు త్రాగదగునా? భారతీయ ప్రమాణము ప్రకారము త్రాగునీటిలో కరిగిన లవణములు లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించరాదు. వేరు నీరు దొరకనిచో 2,000 వరకు అనుమతి గలదు. నైట్రేటు 45 మిల్లీగ్రాములు దాటరాదు. దానికి ఏ సడలింపును లేదు. నమూనా తీయునపుడు మోటారును కొంతసేపు నడిపి, సీసాను అదే నీటితో కడిగి, తేదీ, స్థలము, బోరు లోతు వ్రాసి అంటింపవలెను. సూక్ష్మజీవుల పరీక్షకు మాత్రము వేడిచేసి శుద్ధిచేసిన సీసా కావలెను, దానిని కడుగరాదు, చల్లగా నుంచి ఒక దినములోపల ప్రయోగశాలకు చేర్చవలెను.

సంస్థ వారు పరిశీలనకై వచ్చినపుడు తీర్మాన పుస్తకమున మూడు మాటలు వ్రాయించుడు: ఏ పనిమీద వచ్చిరి, ఎవరిని ఏమి అడుగుదురు, ఫలితమును ఏ నెలలో తెలుగున తెచ్చి చదివి వినిపింతురు. 2018 పంచాయతి రాజ్ చట్టము ప్రకారము గ్రామసభ రెండు నెలలకొకసారి జరుగవలెను గనుక, వినిపించుటకు వేరుగా సభ కూర్పనక్కరలేదు. ఇంటి వివరములు చెప్పుటకు ఇష్టపడని వారిని బలవంతపెట్టరాదనియు అందే చేర్చుడు. నీటి నమూనాలు రెండు మారులు తీయవలెను: మే నెలలో బోరులు అడుగంటినపుడొకసారి, వానలు వెలిసిన పిదప అక్టోబరులో మరియొకసారి. రెండును అదే బోరునుండి తీసినవై యుండవలెను.