థండర్‌హిల్‌లో తొలినాడు

ఉద్యోగార్థమై కాలిఫోర్నియా చేరి, అద్దె ఇల్లు, సోషల్ సెక్యూరిటీ నంబరు, ఒక పాత టొయోటా కారు అమర్చుకొని కుదుటపడిన మన యువకులలో కొందరికి, అరకు ఘాటులోనో శ్రీశైలము దారిలోనో బండి నడిపిన నాటి ఉత్సాహము ఏదో ఒక వసంతమున మరల తలయెత్తుట సహజము. అప్పు సులభముగా పుట్టు దేశమగుటచేత వెయ్యి సీసీల బండి కొనుటయు, దాని వేగమును కొండదారులలో పరీక్షింపబోవుటయు అంతకంటె సహజము. ఆ కోరికను నేను తప్పుపట్టను. దానికి తగిన చోటు మాత్రము రేస్ ట్రాక్. అక్కడ ఎదురు వచ్చు లారీ లేదు, వేచియుండు అంబులెన్సు గలదు.

ట్రాక్ డే అనగా పందెము కాదు. బహుమతులు లేవు. రుసుము చెల్లించినవారిని అనుభవమును బట్టి ఎ, బి, సి జట్లుగా విభజించి, ఒక్కొక్క జట్టును సుమారు 20 నిమిషముల చొప్పున వంతులవారీగా బాటపైకి విడుతురు. కొత్తవారు సి జట్టున చేరవలెను. పదేండ్లు పల్సర్ నడిపితిమను అభిమానము ఇక్కడ అక్కరకు రాదు.

శాన్ ఫ్రాన్సిస్కోకు ఉత్తరముగా సుమారు 150 మైళ్ళ దూరమున, విల్లోస్ అను చిన్న ఊరి చెంత 1993లో వెలసిన థండర్‌హిల్ తొలి అనుభవమునకు తగినదని నా అభిప్రాయము. దాని పాత బాటకు నిడివి సుమారు 3 మైళ్ళు, మలుపులు 15. ఇరుప్రక్కల విశాలమైన నేల యుండుటచే బాట తప్పినవానికి గోడ తగులునను భయము తక్కువ. మాంటెరే దాపున 1957 నుండి నడుచుచున్న లగూనా సేకా కీర్తి గొప్పదే గాని, కార్క్‌స్క్రూ అను మలుపు శిఖరమున దారి కంటికి ఆనక ఒక్కసారిగా దిగజారును. పైగా అక్కడి ధ్వని పరిమితి కఠినము. దానిని తరువాతికి ఉంచుకొనుడు.

తోలు సూటు, వెన్ను కవచము, చీలమండ దాటిన బూట్లు, మణికట్టు కప్పు గ్లౌజులు, ముఖమంతయు మూయు హెల్మెట్ తప్పనిసరి. సూటు అద్దెకిచ్చు నిర్వాహకులును కలరు. బండికి అద్దములు విప్పి, దీపములపై టేపు అంటింపవలెను. యాంటీఫ్రీజ్ నేలకారినచో టైర్లు జారును గనుక, దానిని తీసి నీరు పోయుమని కొందరు నియమము పెట్టుదురు. 300 లేక 400 సీసీల బండి దొరకినచో, వెయ్యి సీసీల దానిని ఇంటనే విశ్రమింపనిండు.

ఇవి యన్నియు డబ్బుతో సమకూరునవి. సమకూరనిది చూపు. మన రోడ్లపై బండి నేర్చినవాని కన్ను ముందు చక్రమునకు పది గజముల దూరమున కావలి కాయుచుండును: గుంత, గేదె, రంగు చెరిగిన స్పీడ్ బ్రేకరు, సైగ చేయకయే తిరుగు ఆటో. ఎడమచేతి వ్రేళ్ళు క్లచ్‌పై, కుడికాలు వెనుక బ్రేకుపై సదా సిద్ధముగా నుండును. ఆ జాగరూకతయే ఇన్నాళ్ళు ప్రాణము నిలిపినది గనుక నిందింపరాదు. కాని గంటకు 80 మైళ్ళ వేగమున బండి సెకనుకు సుమారు 117 అడుగులు గడచును. పది గజముల చూపు అక్కడ పావు సెకను. అంత దగ్గర నిలిచిన కంటికి వేగము ఉన్నదానికంటె మిక్కుటముగా తోచి, మనసు బెదరి, చేయి తనంత తానే మలుపు నడుమ యాక్సిలరేటరు మూయును. అంతట బరువు ముందు చక్రముపై పడి, బండి తలచిన బాట విడిచి వెలుపలికి జరుగును. 1980లో కాలిఫోర్నియా సూపర్‌బైక్ స్కూలును స్థాపించిన కీత్ కోడ్ ఇట్టి ప్రాణభీతి చేష్టలనే తన బోధనకు మూలముగా గొనెను. ఆ స్కూలు చెన్నై దాపున ఇరుంగాట్టుకోట్టైలోను తరగతులు నడపినది గనుక మనవారిలో కొందరికి ఈ మాట క్రొత్త కాదు.

కావున తొలి విడతలో వేగమును పూర్తిగా మరచి, ఒకే గేరులో, బ్రేకు పని తక్కువగా పెట్టుకొని, ప్రతి మలుపునకును మూడు గురుతులు వెదకుకొనుడు: బండి వంచుచోటు, లోపలి అంచును తాకుచోటు, వెలికి వచ్చుచోటు. ఒక గురుతు చేరకమునుపే కన్ను తరువాతిదానిపై నిలువవలెను. ఒకసారి తెరచిన యాక్సిలరేటరును మలుపు ముగియువరకు మెల్లమెల్లగా, ఎడతెగక తెరచుచుండవలెను. ఎడమకు తిరుగుటకు ఎడమ హ్యాండిలును ముందునకు నెట్టవలెనను సంగతి వినుటకు వింతయే గాని, చేతికి తెలిసిననాడు సగము భయము తొలగును. జట్టు వెంట శిక్షకులు తిరుగుచుందురు. ఒకరిని వెనుక వచ్చి చూడుమని అడుగుడు. అడుగుటకు మొగమాటపడి నూతన టైర్లు, ఖరీదైన సైలెన్సర్లు కొనుట మనవారిలో నేను తరచుగా చూచుచున్న వ్యర్థవ్యయము.

అద్దములు లేకపోవుటకు బెదరవలదు. మిమ్ము దాటు బాధ్యత వెనుకవానిది. మీరు మీ బాటలో నిలకడగా సాగుటయే మర్యాద. వెనుక చూడకుండుట మనకు నేర్పవలసిన విద్యయు కాదు! పసుపు జెండా ఊపినచోట ఎవ్వరిని దాటరాదు. ఎర్రజెండా కనబడినంతనే చేయి పైకెత్తి, క్రమముగా వేగము తగ్గించి, ఉదయపు సమావేశమున చెప్పినట్లు నడువవలెను.

సాధారణ బండి బీమాలలో పెక్కు ట్రాక్‌పై కలిగిన నష్టమును భరింపవు. వైద్యబీమా నియమములను ముందే చదువుకొనుడు. వేసవిలో విల్లోస్ ఎండ 100 డిగ్రీల ఫారన్‌హీట్ దాటును. తోలు సూటులో దాహము తెలియకయే శోష వచ్చును. మధ్యాహ్నము రెండు గురుతులు వరుసగా తప్పినచో మిగిలిన విడతలను వదలుకొనుడు. రుసుము పోయెనను చింత వలదు. బండిపైననే వచ్చినవారు అద్దములు తిరిగి బిగించి, దీపముల టేపు ఊడదీసి, ఒక గంట నీడను కూర్చుండి బయలుదేరవలెను. దినమంతయు బాట వెడల్పునంతటిని వాడుకొన్న కన్నునకు, గేటు దాటినంతనే కుడిప్రక్క ఒక్క వరుస మాత్రమే మనదని మరల జ్ఞాపకము చేయవలసియుండును.