అప్పు ముదురుటకు గుర్తులు

అప్పు చేయుటయే తప్పని మేము చెప్పబూనలేదు. అనంతగిరి, కోదాడ ప్రాంతములందు వరి రైతు విత్తనములకు, ఎరువులకు అప్పు చేయక తప్పదు. పంట అమ్మినంతనే అది తీరును. తీరని యప్పు వేఱు. దానిని ముందుగానే పోల్చుకొనవచ్చును.

నూటికి మూడు వడ్డీ యనగా స్వల్పముగా తోచును. అది నెలకు. పదివేల రూపాయలకు ఏడాదికి 3,600 రూపాయలగును. ఏడాది పొడవున చెల్లించినను అసలు తఱుగకున్నచో, అదియే మొదటి గుర్తు. అంతకన్న కీడు, ఒక యప్పు తీర్చుటకు మఱియొకటి చేయుట. సూక్ష్మఋణ సంస్థల వారపు వాయిదాలకై పెక్కుమంది స్త్రీలు ఇట్లే చిక్కుకొనగా, 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి, వసూళ్లను నెలకొకసారికి మార్చెను.

పంట కోయకముందే అప్పిచ్చినవాడు చెప్పిన ధరకు దానిని ఒప్పుకొనుట వేఱొక గుర్తు. ఇది క్రొత్తది కాదు. నిజాము కాలమున తెలంగాణమున నాగు అను పద్ధతి యుండెను. గింజలు అప్పుగా తెచ్చి, పంటకాలమున ఒకటికి ఒకటిన్నర కొలిచెడివారు. కొలువలేనివాడు భగేలాగా దొరయింట పనికి కుదిరెడివాడు. తండ్రి యప్పుకు కొడుకును! హైదరాబాదు ప్రభుత్వము 1936లో దీనిని కట్టడి చేయ శాసించినను, దేశమంతటికి వెట్టిచాకిరి రద్దు చట్టము 1976లో గాని ఏర్పడలేదు.

కడపటి గుర్తు విద్యార్థులకే ముందు తెలియును. బాకీ అడుగ వచ్చినవానితో ‘నాన్నగారు ఇంట లేరు’ అని పిల్లలచే చెప్పించుట! అట్టి బాలుడు ఆ రాత్రియే తల్లిదండ్రులయొద్ద కూర్చుండి, ఎవరికెంత యియ్యవలెనో అడిగి వ్రాయవచ్చును. అసలు, వడ్డీ, తేది, ఈ మూడు గడులు చాలును.