పదకొండో లారీకి ముందు

కుటుంబం చేతిలో ఉన్న లారీ వ్యాపారం ఎదగకుండా ఆగిపోవడానికి కారణాలు వెతికేవారు సాధారణంగా డీజిల్ ధర, టోల్ రుసుము, కిరాయిల పోటీ, డ్రైవర్ల కొరత వంటి బయటి విషయాల దగ్గరే నిలిచిపోతారు. ఇవన్నీ నిజమైన కష్టాలే అయినా, ఒకే దారిలో, ఒకే సరుకుతో, ఒకే రేటుకు బండ్లు తిప్పే రెండు కుటుంబాల్లో ఒకటి ముప్పై లారీలకు చేరుకోగా మరొకటి మూడింటి దగ్గరే ఎందుకు ఉండిపోతుందో అవి చెప్పలేవు. ఆ తేడాలో పెద్ద భాగం యజమాని స్వభావంలో ఉంటుంది. తన వ్యాపారపు లెక్కను బయటి మనిషి ముందు పరిచి, అతడు అడిగే ప్రశ్నలకు నొచ్చుకోకుండా జవాబు చెప్పగలగడం అందులో అన్నిటికంటే కీలకమైన గుణం.

ఈ గుణాన్ని పుట్టుకతో వచ్చే అదృష్టంగా చూడవలసిన పనిలేదని చెప్పడానికి తెలుగు నేల మీదే ఒక ప్రసిద్ధమైన ఆధారం ఉంది. హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్ 1964లో కాకినాడకు చెందిన వర్తకులను, చిన్న పరిశ్రమల యజమానులను హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు రప్పించి, పది రోజుల పాటు శిక్షణ ఇప్పించాడు. 1960లో ఢిల్లీలో మొదలై 1962లో హైదరాబాదుకు తరలివచ్చిన ఆ సంస్థే నేడు యూసుఫ్‌గూడలో ఉన్న జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల శిక్షణ కేంద్రం. అక్కడ వారికి నేర్పినది సాధనా ప్రేరణ, అంటే మెప్పు కోసమో అధికారం కోసమో కాకుండా, పనిని నిన్నటికంటే మెరుగ్గా చేయాలన్న తపన. శిక్షణ పొందినవారు తరువాతి కాలంలో, పొందనివారితో పోలిస్తే, కొత్త పనులు మొదలుపెట్టడంలోనూ పెట్టుబడి పెట్టడంలోనూ ఎక్కువ చురుకుదనం చూపారని మెక్లెలాండ్, డేవిడ్ వింటర్ 1969లో వెలువరించిన గ్రంథంలో నమోదు చేశారు. సాధనా ప్రేరణ బలంగా ఉన్న మనిషికి వారు చెప్పిన లక్షణాల్లో రెండు లారీ యజమానికి నేరుగా వర్తిస్తాయి: అతడు మరీ తేలికైన పందెమూ, మరీ అసాధ్యమైన పందెమూ కాయకుండా, తన కృషితో గెలవగల మధ్యస్థమైన సాహసానికి దిగుతాడు, పని ఫలితం ఎప్పటికప్పుడు తెలియాలని పట్టుబడతాడు.

ఫలితం తెలుసుకోవడమనే ఈ రెండో లక్షణం దగ్గరే మన లారీ కుటుంబాలు ఎక్కువగా తడబడతాయి, అందుకు చట్టమిచ్చిన ఒక వెసులుబాటు కూడా కొంత కారణం. పదికి మించకుండా సరుకు వాహనాలున్న యజమాని పూర్తి లెక్కల పుస్తకాలు రాయకుండానే, ఊహాత్మక ఆదాయ పద్ధతిలో ఆదాయపు పన్ను కట్టవచ్చు. ఊహాత్మక ఆదాయమంటే అసలు లాభంతో పనిలేకుండా చట్టం ముందుగా నిర్ణయించిన మొత్తం. స్థూల బరువు 12 టన్నులు దాటిన బండికి టన్నుకు నెలకు 1,000 రూపాయలు, మిగతా బండ్లకు ఒక్కోదానికి నెలకు 7,500 రూపాయల చొప్పున దానిని లెక్కగడతారు. 28 టన్నుల బండి ఆ నెలలో లాభం తెచ్చినా, నష్టం తెచ్చినా, పన్ను లెక్కలో దాని ఆదాయం 28,000 రూపాయలే. చిన్న యజమానికి ఇది నిజంగా మేలు చేసే ఏర్పాటు, దానిని తప్పుపట్టవలసిన అవసరం లేదు. అయితే పన్నుల శాఖ లెక్క అడగకపోవడాన్ని లెక్కే అక్కరలేదనడంగా పొరబడిన యజమాని, ఏ బండి సంపాదిస్తోందో, ఏ బండి తింటోందో తెలియకుండా ఏళ్లు గడిపేస్తాడు. పదకొండో లారీ కొన్న ఏడాది ఆ వెసులుబాటు పోతుంది, అప్పుడు పుస్తకాలతో పాటు పుస్తకాలు రాసే అలవాటునూ ఒకేసారి సంపాదించుకోవలసి వస్తుంది.

మొదట చెప్పిన ఆ బయటి మనిషి, అంటే సలహాదారు విలువ తెలిసేది ఇక్కడే. అనుభవం గల సలహాదారు మొదట అడిగేది సాధారణంగా కిలోమీటరుకు ఎంత ఖర్చవుతోందన్న ప్రశ్న. దీనికి జవాబు చెప్పాలంటే ఖర్చును రెండుగా విడదీయాలి. బండి కదిలినా కదలకపోయినా పడేవి స్థిర వ్యయాలు: ఫైనాన్స్ వాయిదా, బీమా, పన్ను, పర్మిట్, నెల జీతం. కదిలితేనే పడేవి చర వ్యయాలు: డీజిల్, టోల్, టైర్ల అరుగుదల, డ్రైవర్ బత్తా. ఒక లారీకి స్థిర వ్యయం నెలకు 1,20,000 రూపాయలు అనుకుంటే, ఆ బండి 8,000 కిలోమీటర్లు తిరిగిన నెలలో కిలోమీటరుకు 15 రూపాయలు పడుతుంది, 5,000 మాత్రమే తిరిగితే 24 రూపాయలు పడుతుంది. అంటే ఫ్యాక్టరీ గేటు దగ్గర అన్‌లోడింగ్ కోసం మూడు రోజులు నిలబడిపోవడం, రిటర్న్ లోడు దొరక్క ఖాళీగా తిరిగి రావడం యజమాని అనుకున్నదానికంటే చాలా ఖరీదైనవి. ఇంతకాలం కిరాయి ఎంత వచ్చిందని మాత్రమే అడిగిన యజమాని, బండి ఎన్ని రోజులు ఊరికే నిలబడిందని అడగడం మొదలుపెడితే అతని ఆలోచనా తీరే మారినట్టు. మరో బండి కొనాలా, ఉన్న బండ్లనే ఎక్కువ తిప్పాలా అన్న నిర్ణయం అప్పుడు పక్కవాడి కొత్త లారీని చూసి కాక, అంకెలను చూసి జరుగుతుంది.

ఇటువంటి సలహా కోసం పెద్ద ఫీజులు ఇచ్చుకోవలసిందేమీ లేదు. అమెరికాలో రవాణా రంగం మీది నియంత్రణలను సడలించి కొత్తవారికి తలుపులు తెరిచిన చట్టం 1980లో రాగా, చిన్న వ్యాపార అభివృద్ధి కేంద్రాలకు చట్టబద్ధత కల్పించినదీ ఆ ఏడాదే. ఎక్కువగా విశ్వవిద్యాలయాల ఆశ్రయంలో నడిచే ఆ కేంద్రాలు యజమానితో విడిగా కూర్చుని, రుసుము లేకుండా సలహా ఇస్తాయి. మన దేశంలో 1978 నుంచి జిల్లా పరిశ్రమల కేంద్రాలు ఉన్నాయి. చిన్న సంస్థల అభివృద్ధి కోసం తెచ్చిన 2006 నాటి చట్టం తయారీతో పాటు సేవలను కూడా తన పరిధిలోకి తెచ్చినందువల్ల లారీ యజమాని కూడా అటువంటి సంస్థలు నమోదయ్యే ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు కావచ్చు. అయినా ఆ కార్యాలయాల గడప తొక్కే లారీ యజమానులు తక్కువే. పరిశ్రమ అనగానే పొగగొట్టం ఉన్న ఫ్యాక్టరీ గుర్తుకు రావడం ఒక కారణమైతే, లోగుట్టు బయటపడుతుందన్న జంకు అంతకంటే పెద్ద కారణం. తన ఆడిటర్‌ను సైతం రిటర్నులు వేసే మనిషిగా తప్ప సలహా అడగదగిన మనిషిగా చూడని యజమానులెందరో ఉన్నారు, ఇది నిజంగా విచారించవలసిన విషయం.

బాకీల వసూలులో ఈ జంకు మరింత నష్టం చేస్తుంది. డీజిల్‌కు, బత్తాకు రొక్కం ముందే పోతుంది, సరుకు పంపిన పార్టీ దగ్గర నుంచి కిరాయి మాత్రం నెలల తరబడి రాదు. 2006 చట్టం ప్రకారం, నమోదైన చిన్న సంస్థకు ఇవ్వవలసిన సొమ్మును రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులలోపు చెల్లించాలి, ఒప్పందం లేకపోతే 15 రోజులే గడువు. అది దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ పడుతుంది. చట్టం ఇంత అండగా ఉన్నా, అడిగితే పార్టీ చేజారిపోతుందేమోనన్న భయం నోరు కట్టేస్తుంది. సలహాదారు ఇక్కడ చేసేది ధైర్యం నూరిపోయడం కాదు. ఏ పార్టీ ఎన్ని రోజులకు చెల్లిస్తోందో పట్టిక వేయించి, ఆలస్యమయ్యే కిరాయిలో వడ్డీ ఎంత కరిగిపోతోందో చూపించి, బిల్లు పంపిన రోజునే గడువు తేదీని రాతలో తెలియజేసే పద్ధతి నేర్పుతాడు. పద్ధతి ఉన్నచోట అడగడం పోట్లాటగా మారదు. ఆ పద్ధతిని ఇంటి మనిషే నడపవచ్చు కూడా. అమెరికాలో జె. బి. హంట్ దంపతులు 1961లో వరి ఊకను కోళ్ల ఫారాలకు అమ్మే వ్యాపారంతో మొదలుపెట్టి, 1969లో అయిదు ట్రక్కులతో రవాణాలోకి దిగినప్పుడు, అప్పులిచ్చే, బాకీలు రాబట్టే బాధ్యతను భార్య జానెల్ హంట్ చేపట్టారు. మన ఇళ్లలో కూడా పైసా లెక్క తప్పని ఇల్లాళ్లు ఉన్నారు, వారి సామర్థ్యాన్ని ఆఫీసు బల్ల దాకా రానివ్వకపోవడం కుటుంబం చేజేతులా చేసుకుంటున్న నష్టం.

కుటుంబ వ్యాపారంలో సలహాదారుకు ఎదురయ్యే అతి సున్నితమైన పని మనుషుల మధ్య బాధ్యతలను విడదీయడం. తండ్రి, ఇద్దరు కొడుకులు, ఒక బావమరిది కలిసి పనిచేసేచోట ఎవరికీ జీతం ఉండదు, అందరి ఖర్చూ గల్లాపెట్టె నుంచే పోతుంది, డ్రైవర్‌కు నలుగురూ నాలుగు మాటలు చెబుతారు. పెళ్లి ఖర్చు వచ్చిన ఏడాది టైర్లు మార్చడం వాయిదా పడుతుంది. ఇంటి ఖాతాను, వ్యాపార ఖాతాను వేరుచేసి, పనిచేసే ప్రతి ఒక్కరికీ జీతం కట్టి, లోడ్లు ఒకరికి, మరమ్మతులు మరొకరికి, లెక్కలు ఇంకొకరికి అప్పగించమన్న సూచన ఇంటివాడి నోట వస్తే పేచీగా వినబడుతుంది, బయటి మనిషి చెబితే పద్ధతిగా వినబడుతుంది. తండ్రికి ఇందులో అసలైన పరీక్ష ఉంది. స్టీరింగ్ పట్టి, క్యాబిన్‌లో నిద్రపోయి, ఒక్కో బండీ కూడబెట్టిన మనిషికి, చెక్కుల మీద సంతకం మరొకరికి ఇవ్వడం తన విలువ తగ్గిపోవడంగా అనిపించడం సహజం. పగ్గాలు చేతులు మారడం వ్యాపారానికి ఏం తేగలదో అమెరికాలోని ఒక కుటుంబం చూపుతుంది. అక్కడి విస్కాన్సిన్‌లో అల్ ష్నైడర్ 1935లో కుటుంబపు కారు అమ్మి తొలి ట్రక్కు కొన్నాడు. అతని కొడుకు డొనాల్డ్ వార్టన్‌లో వ్యాపార విద్య చదివివచ్చి, 1970ల్లో పగ్గాలు అందుకుని, 1988లో ట్రక్కులకు ఉపగ్రహ సంబంధం అమర్చి, బండి ఎక్కడుందో ఆఫీసు నుంచే తెలుసుకునే పద్ధతి తెచ్చాడు. మన దగ్గర జీపీఎస్ పెట్టించిన కొడుకుకు, బండి శబ్దం విని ఇంజిన్ జబ్బు చెప్పగల తండ్రికి మధ్య పెరిగే దూరం చాలా ఇళ్లలో సలహాదారు వచ్చేదాకా మాటల్లోకి రాదు. తండ్రి అనుభవాన్ని మరమ్మతుల పట్టికగా, పార్టీల నమ్మకస్తతను తెలిపే జాబితాగా, ఏ దారిలో ఏ నెలలో లోడు దొరుకుతుందో చెప్పే రాతగా మార్చే పనిని తండ్రి, కొడుకు కలిసి చేయాలని మంచి సలహాదారు కోరతాడు. ఆ రాతపని వారానికి ఒక పూట చొప్పున సాగినా, తండ్రి బండ్ల దగ్గరకు వెళ్లలేని రోజు రాకముందే అది పూర్తవుతుంది.